పట్టా లేనివారికి వీధిలో చోటెక్కడ?

2001 జనవరి 26వ తేదీ ఉదయం. కచ్ జిల్లాలోని అంజార్ పట్టణంలో బడిపిల్లలు గణతంత్ర దినోత్సవ ఊరేగింపుగా పాత బజారు సందులోంచి నడిచి వెళ్తున్నారు. తొమ్మిది కావడానికి కొద్ది నిమిషాల ముందు భూమి కంపించింది. సందుకు రెండు వైపులా ఉన్న పాత మేడలు ఆ పిల్లల మీదే కూలిపోయాయి. దాదాపు 200 మంది విద్యార్థులు, వారి ఉపాధ్యాయులు ఆ ఇరుకులోనే సమాధి అయ్యారు. మైదానంలో నిలబడ్డ మనిషిని భూకంపం సాధారణంగా చంపదు. చంపేది మీద పడే గోడ. ఆ గోడకు అందనంత దూరం పరిగెత్తడానికి చోటు లేని వీధి ఆ చావుకు తోడవుతుంది.

వీధి వెడల్పు ఎంత ఉండాలన్న ప్రశ్న అంత సూటిగా మరెక్కడా ఎదురై ఉండదు. అయినా దానికి జవాబు అంత సూటిగా దొరకదు. పది అడుగుల సందును ముప్పై అడుగుల వీధి చేయాలంటే ఆ ఇరవై అడుగులూ ఎవరి అరుగులోంచో, ఎవరి వంటింట్లోంచో, ఎవరి దుకాణంలోంచో రావాలి. ఎవరిదన్న మాట తేలేదాకా వెడల్పు గురించి మాట్లాడుకోవడం గాలిలో గీతలు గీయడమే. మన పత్రికలు ఈ తగాదాలను నగర వార్తల పేజీకి పరిమితం చేస్తాయి. శాసనసభలో జరిగేది రాజకీయం, మున్సిపాలిటీలో జరిగేది పరిపాలన అన్నది మనకు అలవాటైన విభజన. కానీ ఒక సామాన్య కుటుంబానికి రాజ్యం తన అసలు రూపంలో ఎదురయ్యేది గోడ మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టిన నాడే.

ఈ దేశంలో ఊళ్లను తిరిగి గీసిన చరిత్ర నూట ఇరవై అయిదేళ్లకు పైబడింది. ఆ చరిత్రను వరుసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పౌరుడి మాట వినకుండా గీసిన గీతల కాలం నుంచి, విని గీసిన గీతల కాలానికి మనం కొంత దూరం వచ్చాం. అది చిన్న విజయం కాదు. అయితే ఆ వినికిడి ఎప్పుడూ పట్టా చేతిలో ఉన్నవాడి దగ్గరే ఆగిపోయింది. వీధిలో బతికేవారిలో ఎందరో పట్టా లేనివారు. వారికి కుర్చీ వేసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మొదటి అధ్యాయం బొంబాయిలో మొదలవుతుంది. 1896 సెప్టెంబరులో రేవుకు దగ్గరగా ఉన్న మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. జనం లక్షల్లో ఊరు విడిచి పారిపోయారు. మిల్లులు, రేవు, వ్యాపారం కుంటుపడ్డాయి. వలస ప్రభుత్వం 1898లో ప్రత్యేక చట్టం చేసి బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును నెలకొల్పింది. గాలి, వెలుతురు లేని ఇరుకు ఇళ్లే రోగానికి మూలమని అప్పటి పారిశుద్ధ్య నిపుణుల నమ్మకం. కిక్కిరిసిన పేటల గుండా పడమటి సముద్రపు గాలి వీచేలా వెడల్పాటి రోడ్లు కొట్టాలని తీర్మానించారు. ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్ అలా పుట్టినవే. ప్లేగును మోసేది ఎలుక మీది గోమారి పురుగు అన్న సంగతిని వైద్యశాస్త్రం ఆ తర్వాతి పదేళ్లలో స్థిరపరిచింది. అప్పటికే గాలి కోసం వేల గదులు నేలమట్టమయ్యాయి.

ఆ గదుల్లో ఉన్నవారు ఎక్కడికి పోయారు? ఇంటి యజమానికి నష్టపరిహారం ముట్టింది. పరిహారం చాలలేదనుకుంటే ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు వాదించుకునే వీలు కూడా చట్టం కల్పించింది. అద్దె ఎంత వస్తే ఆస్తి విలువ అంత అని లెక్కగట్టడం వల్ల, ఒక గదిలో ఎక్కువమందిని కుక్కిన యజమానికి ఎక్కువ డబ్బు దక్కే విపరీతం కూడా జరిగింది. ఆ గదిలో నివసించిన మిల్లు కూలీకీ, రేవు కూలీకీ దక్కింది ఖాళీ చేయమన్న నోటీసు. ట్రస్టు తొలి సంవత్సరాలలో కట్టిన గదులకన్నా కూల్చిన గదులే ఎక్కువ. కూలీ తన పనికి దూరంగా పోలేడు కనుక పక్క పేటలోని మరో ఇరుకు గదిలో చేరాడు. ఇరుకు తొలగలేదు, ఒక వీధిలోంచి మరో వీధిలోకి మారింది. బాగుచేయడం కోసం పుట్టిన సంస్థ పక్కపేటను మరింత పాడుచేసిన తీరు ఇది.

ఈ పద్ధతిని తొలిరోజుల్లోనే నిలదీసిన వ్యక్తి ప్యాట్రిక్ గెడెస్ అనే స్కాటిష్ పండితుడు. వృక్షశాస్త్రం చదివి నగరాల అధ్యయనంలోకి వచ్చిన ఆయన 1914లో భారతదేశానికి వచ్చాడు. 1915లో మద్రాసులో నగరాల ప్రదర్శన పెట్టాడు. తంజావూరు, మదురై, అహ్మదాబాద్, లాహోర్, ఇందోర్ వంటి ఎన్నో పట్టణాల మీద నివేదికలు రాశాడు. మున్సిపల్ ఇంజినీరు కాగితం మీద స్కేలు పెట్టి నిలువునా అడ్డంగా తిన్నని రోడ్లు గీస్తే, గెడెస్ ఆ కాగితం పట్టుకుని గల్లీ గల్లీ కాలినడకన తిరిగేవాడు. శిథిలమైన ఇల్లు ఎక్కడుంది, దాన్ని తీసేస్తే చిన్న కూడలి ఏర్పడుతుందా, బావి దగ్గర చెట్టు నాటితే చాలదా అని చూసేవాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు పొదుపైన శస్త్రచికిత్స. కోత తక్కువ, ఖర్చు తక్కువ, ఊడ్చుకుపోయే కుటుంబాలు కూడా తక్కువ. ఇందోర్‌లో దీపావళి ఊరేగింపు ఏ వీధులు ఎక్కువ శుభ్రపడితే ఆ వీధుల మీదుగా సాగుతుందని ప్రకటించి, జనమే పోటీపడి ఇళ్లు బాగుచేసుకునేలా చేశాడని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. ఆయన నివేదికల్లో చాలా భాగం అమలు కాలేదు. అయితే వీధిలో ఉండేవాడిని అడగకుండా వీధిని అర్థం చేసుకోలేమన్న ఆలోచనను ఈ గడ్డ మీద నాటిపోయాడు.

అదే 1915లో బొంబాయి రాష్ట్రం దేశంలోనే తొలి పట్టణ ప్రణాళికా చట్టాన్ని చేసింది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం 1902లో తెచ్చిన భూముల పునర్విభజన విధానమూ, 1909 నాటి బ్రిటిష్ చట్టమూ దానికి ప్రేరణలు. భూసేకరణకూ ఈ చట్టానికీ మౌలికమైన తేడా ఉంది. భూసేకరణలో గీత ఎవరి ఇంటి మీదుగా పోతే వాడు మొత్తం పోగొట్టుకుంటాడు, పక్కవాడి స్థలం రోడ్డు ముఖం చూసి ధర పెంచుకుంటుంది. టౌన్ ప్లానింగ్ స్కీమ్‌లో అలా కాదు. ఒక ప్రాంతంలోని స్థలాలన్నిటినీ కాగితం మీద కలిపేస్తారు. రోడ్లకూ పార్కులకూ బడులకూ అందరి నుంచీ కొంత కొంత తీసుకుంటారు. మిగిలినదాన్ని సరైన ఆకారాల్లో మళ్లీ అందరికీ పంచుతారు. ప్రతి యజమానికీ తన పాత స్థలం ఎంత, కొత్త స్థలం ఎక్కడ, కోత ఎంత, పెరిగిన విలువకు కట్టాల్సిన రుసుము ఎంత అని విడిగా తెలియజేస్తారు. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు వింటారు. అహ్మదాబాద్‌లో సబర్మతి అవతలి ఒడ్డున ఎల్లిస్ బ్రిడ్జ్ ప్రాంతం ఈ విధానంలోనే రూపుదిద్దుకుంది. 1924 నుంచి 1928 వరకు ఆ నగర మున్సిపాలిటీకి అధ్యక్షుడు సర్దార్ వల్లభభాయ్ పటేల్. జాతీయోద్యమ నేతలకు మురుగుకాలువ, రోడ్డు, మంచినీరు రాజకీయాలకు వెలుపలి విషయాలుగా కనిపించలేదు.

కష్టం అందరూ పంచుకోవాలి, లాభమూ అందరూ పంచుకోవాలి, ఎవరి వంతు ఎంతో ముందే చెప్పాలి. న్యాయదృష్టితో చూస్తే ఈ చట్టం భూసేకరణకన్నా ఎన్నో మెట్లు పైన ఉంది. అయితే ఆ కాగితంలో ‘అందరూ’ అన్న మాటకు అర్థం భూమి గలవారందరూ అని. ఎల్లిస్ బ్రిడ్జ్ దగ్గర అప్పట్లో చాలావరకు పొలాలే కనుక ఆ లోపం పెద్దగా పైకి రాలేదు. జనంతో నిండిన పాత ఊరి మీద ఇదే చట్టాన్ని ప్రయోగిస్తే ఏమవుతుందో తెలియడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ మధ్యలో ఢిల్లీ ఉంది. స్వతంత్ర భారతం 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. 1962లో మాస్టర్ ప్లాన్ వచ్చింది. పాత ఢిల్లీని చాలావరకు మురికివాడగా చూసే దృష్టి అందులో ఉంది. 1976 ఏప్రిల్‌లో, అత్యవసర పరిస్థితి చీకట్లో, ఆ దృష్టికి బుల్‌డోజర్ తోడైంది. తుర్క్‌మాన్ గేట్ దగ్గర తరతరాల ఇళ్లను కూల్చడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 19న అడ్డుకున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. మిగిలినవారిని యమున అవతలి పునరావాస కాలనీలకు తరలించారు. సెన్సార్ ఉన్నందున మరునాటి పత్రికల్లో ఆ వార్త రాలేదు. తర్వాత షా కమిషన్ విచారించింది. సంజయ్ గాంధీ, జగ్‌మోహన్ పేర్ల చుట్టూ ఆ చర్చ తిరిగింది. వ్యక్తుల బాధ్యత కాదనలేనిది. కానీ పత్రిక, న్యాయస్థానం, చట్టసభ మూగబోయిన దేశంలో వీధి గీత ఎంత సులువుగా లాఠీగా, తూటాగా మారుతుందో తుర్క్‌మాన్ గేట్ చూపింది. వీధి గురించి జరిగే వాదోపవాదాలు పనికి అడ్డమని విసుక్కునేవారు ఈ పేటను ఒకసారి గుర్తుచేసుకోవాలి. వాదన లేని చోట పని వేగంగానే జరుగుతుంది. అక్కడా అలాగే జరిగింది.

చరిత్రలోని వింత ఏమిటంటే, అదే 1976లో గుజరాత్‌కు కొత్త పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. 1915 నాటి పునర్విభజన విధానాన్ని అది మరింత పటిష్ఠం చేసింది. ఒకే సంవత్సరంలో ఒకే దేశంలో రెండు దారులు కనిపించాయి. పాతికేళ్ల తర్వాత భుజ్ శిథిలాల మధ్య రెండో దారికి అసలైన పరీక్ష జరిగింది.

భుజ్ పదహారో శతాబ్దంలో కచ్ జాడేజా రాజులకు రాజధాని అయిన ఊరు. పద్దెనిమిదో శతాబ్దంలో చుట్టూ కోటగోడ లేచింది. పడమట హమీర్‌సర్ చెరువు. గోడ లోపల వంకరటింకర వీధులు, వాటిలోంచి చీలే గొందులు, గొంది చివర ఒకే కులం లేదా ఒకే వృత్తివారు కలిసి బతికే ముంగిళ్లు. ఆ ముంగిళ్లను అక్కడ ఫళియా అంటారు. ఎడారి ఎండకు ఇరుకు సందు నీడనిస్తుంది. దొంగల భయానికి ఒక్క ద్వారమున్న గొంది రక్షణనిస్తుంది. ఆ ఇరుకుకు అలా తన కారణాలున్నాయి. భూకంపం నాడు అదే ఇరుకు ఉచ్చు అయింది. శిథిలాలతో సందులు పూడుకుపోయి, లోపల చిక్కుకున్నవారిని చేరడానికి యంత్రాలకు దారి లేకపోయింది.

ఆ తర్వాత తలెత్తిన మొదటి వివాదం ఊరు ఇక్కడే ఉండాలా, వేరే చోటికి మారాలా అన్నది. అయినవారిని పోగొట్టుకున్న వారిలో కొందరు ఆ గోడల మధ్యకు మళ్లీ రాలేమన్నారు. గోడ లోపల దుకాణం, గుడి, మసీదు, బంధువర్గం ఉన్నవారు ఊరు కదలకూడదన్నారు. ప్రభుత్వం నడిమి మార్గం పట్టింది. వెళ్లదలచినవారికి ఊరి వెలుపల నాలుగు చోట్ల కొత్త కాలనీలు వేసింది. పాత ఊరిని ఉన్నచోటే తిరిగి గీయాలని నిర్ణయించింది. ఆ పనిని అహ్మదాబాద్‌కు చెందిన ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్ కొలాబరేటివ్ అనే సంస్థకు అప్పగించారు. గోడ లోపలి ఊరంతటినీ ఎనిమిది టౌన్ ప్లానింగ్ స్కీమ్‌లుగా విభజించారు. ఖాళీ పొలాల కోసం పుట్టిన చట్టాన్ని శతాబ్దాల నాటి కిక్కిరిసిన ఊరి మీద, అదీ శోకంలో మునిగిన ఊరి మీద, ప్రయోగించడం అంతవరకు దాదాపు ఎరగని సాహసం.

పని కొలతతో మొదలైంది. శిథిలాల మధ్య ప్రతి స్థలాన్నీ కొలిచారు. ఎవరి పేరున ఉందో రికార్డులు తిరగేశారు. తాత పేరున ఉన్న ఇల్లు నలుగురు మనవల చేతిలో ఉంటుంది. ఒకే ఇంట్లో కింద ఒకరిది, మీద ఇంకొకరిది. మన ఊళ్లలో గట్టు తగాదాలు ఎరిగినవారికి ఆ తలనొప్పి వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత అసలు ప్రశ్న: రోడ్డుకు స్థలం ఎవరు ఇవ్వాలి? అందరూ ఒకే వంతు ఇవ్వాలంటే కాగితం మీద సమానత్వమే. కానీ ఒక్క గదిలో బతికేవాడి నుంచి మూడో వంతు తీసుకుంటే వాడికి మిగిలేది మంచం పట్టని గది. అందుకని 30 చదరపు మీటర్లలోపు చిన్న స్థలాల నుంచి ఏమీ తీసుకోలేదు. స్థలం పెద్దదైన కొద్దీ కోత పెరిగింది. బాగా పెద్ద స్థలాల నుంచి మూడో వంతు దాకా తీసుకున్నారు. పన్నులో ధనికుడి వంతు ఎక్కువ ఉండాలన్న సూత్రాన్ని భూమికి అన్వయించిన అరుదైన ఉదాహరణ ఇది.

గీత ఎక్కడ పోవాలన్నదీ చర్చకు వచ్చింది. ఊరి మధ్యగా నిలువునా పెద్ద రోడ్డు కొట్టడం ఇంజినీరుకు సులువు. దానికి బదులు పాత వీధుల జాడను వీలైనంత నిలబెట్టి, వాటినే వెడల్పు చేసి, అంబులెన్సూ అగ్నిమాపక వాహనమూ ప్రతి పేటకూ చేరేలా చుట్టు దారులు కలిపారు. మూసుకుపోయిన గొందులు చాలావాటికి రెండో కొస తెరిచారు. కూలకుండా నిలిచిన ఇళ్లనూ, గుళ్లనూ, మసీదులనూ గీత తప్పించుకుని పోయేలా చూశారు. తుది స్థలం పాతచోటే, కాకపోతే దాని దగ్గరలోనే ఇవ్వాలన్నది నియమం. కింద ఒకటి, మీద ఒకటి, అంతకు మించి అంతస్తులు వద్దన్నారు. ముసాయిదా పటాలు జనం ముందు పెట్టారు. పట్టణ ప్రణాళికాధికారి యజమానులను పిలిచి అభ్యంతరాలు విన్నాడు. ఇరవై అడుగుల ముఖం పోయి పన్నెండు అడుగులు వచ్చిన దుకాణదారు వాదించాడు. అన్నదమ్ముల వాటాలు విడిపోయాయని ఇంకొకరు వాదించారు. ఇదంతా పూర్తయ్యేసరికి దాదాపు రెండేళ్లు పట్టింది. అంతవరకు గోడ లోపల ఇల్లు కట్టుకోవడానికి అనుమతి లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. కూలిన ఇంటిని రెండేళ్లు చూస్తూ కూర్చోవడం ఆ రెండిటికన్నా కష్టం. జాప్యం మీద జనం ఆగ్రహించారు. ఆ ఆగ్రహంలో న్యాయముంది. అయినా తుర్క్‌మాన్ గేట్‌తో పోల్చి చూసినప్పుడు ఆ రెండేళ్ల విలువ తెలుస్తుంది. ఈసారి తూటా పేలలేదు. వెడల్పాటి వీధులున్న ఊరు, నీటిగొట్టాలతో, మురుగుకాలువలతో, అదే చోట మళ్లీ లేచింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే ఇది విజయగాథ. ప్రణాళికా పాఠ్యపుస్తకాలు తరచు ఇక్కడే ఆపుతాయి. కానీ కోటగోడ లోపలి భుజ్‌లో అద్దెకుండేవారూ ఎందరో ఉండేవారు. తరాల కింద కుదిరిన కొద్దిపాటి అద్దెతో గది నెట్టుకొస్తున్న కుటుంబాలు అవి. ఇల్లు నిలిచి ఉన్నంతకాలం అద్దెదారుకు చట్టంలో కొంత ఆసరా ఉంది. ఇల్లు కూలినప్పుడు ఆ ఆసరా కూడా దానితోనే కూలింది. నేల యజమానిది కనుక కొత్త పటంలో తుది స్థలం యజమాని పేరునే వచ్చింది. ఎనిమిది స్కీమ్‌ల పటాల్లో ప్రతి చదరపు మీటరుకూ లెక్క ఉంది. ఆ చదరపు మీటర్ల మీద పడుకున్న అద్దెదారు మాత్రం ఏ లెక్కలోనూ లేడు. అతనికి విచారణ నోటీసు రాలేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అతనికి పోయిందంటూ ఏమీ లేదు. అలాంటి కుటుంబాలెన్నో ఊరి అంచున తాత్కాలిక షెడ్లలో ఏళ్ల తరబడి మిగిలిపోయాయి. బొంబాయి మిల్లు కూలీకీ భుజ్ అద్దెదారుకూ మధ్య వందేళ్లు గడిచాయి. మొదటివాడిని నోటీసు ఇచ్చి పంపించారు, రెండోవాడికి నోటీసు కూడా రాలేదు.

పాత వీధి మీద మమకారం ఉన్నవారు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. పాత వీధి అమాయకమైనది కాదు. మన ఊళ్లలో ఏ వాడ ఎక్కడుండాలో నిర్ణయించింది కులం. ఊరికి దూరంగా పల్లెను పెట్టిందీ, మంచినీటి బావిని ఇవతలి వీధిలో ఉంచిందీ ఏ ఇంజినీరూ కాదు. 1924లో తిరువాన్కూరు సంస్థానంలోని వైకంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం జరిగింది. అక్కడి రోడ్డు కావలసినంత వెడల్పే, నడవనివ్వని మనుషులున్నారు. గొందికి రెండో కొస తెరిచిన ప్రణాళికాకర్త ఒక కులపు ముంగిలిని అందరి దారిగా మారుస్తున్నాడు. స్థానికుల అభ్యంతరం ఒక్కోసారి తమ బతుకు కోసం, ఒక్కోసారి తమ గేటు కోసం. భుజ్ వెలుపలి కొత్త కాలనీల్లో జనం చాలాచోట్ల మళ్లీ కులాలవారీగానే చేరారన్నది పరిశోధకులు గమనించిన సంగతి. కనుక జనవాక్యమంతా న్యాయం, పటమంతా అన్యాయం అనుకోవడం పొరపాటు. ఎవరి గొంతు వింటున్నామన్నది చూడకుండా ప్రజాభిప్రాయ సేకరణ జరిగిందని సంతృప్తి పడడమూ పొరపాటే.

తెలుగు పాఠకులకు ఇదంతా దూరపు కథ కాదు. 2015లో అమరావతి కోసం జరిగిన భూసమీకరణ ఇదే వంశంలోనిది. భూములన్నీ కలిపి, రోడ్లకూ రాజధానికీ తీసి, మిగిలినదానిలో ప్లాట్లుగా తిరిగివ్వడం. 30 వేల ఎకరాలకు పైగా భూమిని రైతులు అలా అప్పగించారు. జరీబు ఎకరాకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. మెట్ట ఎకరాకు 1,000, 250. పదేళ్లపాటు కౌలు చెల్లింపు. ఉండవల్లి, పెనుమాక వంటి గ్రామాల్లో చాలామంది రైతులు అంగీకరించలేదు. రోడ్డు గీత ఎక్కడ పోతుందన్న మీద ఏళ్ల తరబడి వివాదాలు నడిచాయి. వీధిపోటు లేని ప్లాటు కావాలని అడిగే హక్కు కూడా ప్లాటు ఉన్నవాడికే. మరి ఆ పొలాలను కౌలుకు దున్నినవారి మాటేమిటి? వారికి ప్లాటు లేదు. పూలతోటల్లో, కూరగాయల మడుల్లో ఏడాది పొడవునా పని దొరికిన భూమిలేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. అసైన్డ్ భూములు సాగుచేసుకుంటున్న దళిత రైతులకు పట్టా రైతులకన్నా తక్కువ వాటా మొదట నిర్ణయించారు. రైతు త్యాగం గురించి ఏ పార్టీ నాయకుడైనా గంటసేపు మాట్లాడగలడు. కౌలుదారు త్యాగం గురించి ఒక్క నిమిషం మాట్లాడినవారు తక్కువ. త్యాగమనడానికి కూడా పట్టాదారు పాసుపుస్తకం చూపించవలసి వచ్చింది.

ప్రణాళికాకర్తల వైపునుంచి ఒక జవాబు వస్తుంది. భూమి కొలవగలం, అద్దెదారును ఎలా కొలుస్తాం? ఈ రోజున్నవాడు రేపు ఉండడు, నిన్న లేనివాడు రేపు వచ్చి నేనూ ఉన్నానంటాడు. అందరినీ లెక్కలోకి తీసుకుంటే రెండేళ్ల పని పదేళ్లవుతుంది. ఇందులో నిజం లేకపోలేదు. కానీ చేయలేమన్న మాటకు మన చట్టాలే సమాధానం చెబుతున్నాయి. 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబమన్న మాటకు కొత్త అర్థమిచ్చింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతికిన కూలీ, కౌలుదారు, పాలికాపు అందులోకి వస్తారు. సామాజిక ప్రభావాన్ని ముందే అంచనా వేయమంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ఇంకో అడుగు వేసింది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారుల ప్రతినిధులకే ఉండాలంది. గజం నేలకు కూడా పట్టా లేని తోపుడుబండి మనిషికి పట్టణ పటం ముందు కుర్చీ వేసిన చట్టమది. అమలు అంతంత మాత్రమే అన్నది వేరే విచారం. లెక్కపెట్టడం సాధ్యమేనని పార్లమెంటు ఒప్పుకున్నది ముఖ్యం.

ఇక్కడే రాజకీయం తన చమత్కారం చూపింది. సేకరణలో కూలీకి హక్కు పుట్టగానే, ప్రభుత్వాలకు సమీకరణ మీద ప్రేమ పుట్టింది. సమీకరణ స్వచ్ఛందం కనుక 2013 చట్టం వర్తించదు. యజమాని సంతకం పెడితే చాలు, ఆ నేల మీద ఆధారపడ్డ మిగతావారి సమ్మతి కూడా ఆ సంతకంలో కలిసిపోతుంది. యజమానికి సమీకరణ లాభమే కావచ్చు. కానీ అతని స్వచ్ఛందం ఇంకొకరికి నిర్బంధమయ్యే చోట ఆ మాటను అంత తేలిగ్గా వాడకూడదు.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. ఒక పేట పటం గీయడానికి ముందు స్థలాలను కొలిచినట్టే మనుషులను కూడా లెక్కపెట్టాలి. ఏ గదిలో ఎవరు ఎన్నేళ్లుగా ఉంటున్నారో, ఏ అరుగు మీద ఎవరు కుట్టుమిషను పెట్టుకున్నారో నమోదు చేయాలి. రోడ్లకూ పార్కులకూ తీసే వంతులోంచే కొంత నేలను అద్దె ఇళ్ల కోసం, ఆ పేటలోనే, కేటాయించాలి. ముసాయిదా మీద అభ్యంతరం చెప్పే హక్కు అక్కడ నివసిస్తున్న ప్రతి వయోజనుడికీ ఉండాలి. భుజ్‌లో 30 చదరపు మీటర్లవాడిని మినహాయించగలిగిన వివేకం, ఒక్క చదరపు మీటరు కూడా లేనివాడి దాకా వెళ్లడం పెద్ద గెంతు కాదు.

అంజార్ సందులో ఆ ఉదయం నడిచిన పిల్లల్లో ఎవరి తండ్రికి ఇంటి పట్టా ఉందో, ఎవరిది అద్దె ఇల్లో గోడ అడగలేదు. అందరి మీదా ఒక్కలాగే పడింది. ఆ పిల్లల పేరు చెప్పి మనం వెడల్పు చేసుకున్న వీధుల్లో అద్దెదారు పిల్లలకు కూడా ఒక గుమ్మం మిగలాలి.